బెజ్జాల అట్టల దీపం

నా పేరు ధర్మయ్య, తండ్రి గాలయ్య, వయస్సు 57 సంవత్సరాలు. కులవృత్తి నేత. ప్రస్తుతం మందుల కంపెనీలో గేటు కాపలా. సొంతూరు దేవరకొండ దగ్గరి పల్లె. జడ్చర్లలో బిక్షమ్మ గారి ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కడినే ఉంటున్నాను.

నిన్న 14-11-2022 సాయంత్రం నా గదిలో మంటలు లేచాయి. పక్క గదిలో ఉండే ఎలక్ట్రీషియన్ విజేందర్ వైరింగు సరిగా చేయలేదని బిక్షమ్మ గారు ఫిర్యాదు ఇచ్చారు. పొద్దుటి నుంచి అతన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. తప్పు అతనిది కాదు. అది చెప్పడానికే నా అంతట నేను వచ్చాను.

మగ్గం అమ్మి తొమ్మిదేళ్లయింది. చీర అంచుకు పువ్వు ఎత్తడానికి మగ్గానికి తగిలించే బెజ్జాల అట్టలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు. దసరా తర్వాత వాటిని గుండ్రంగా కుట్టి బల్బు చుట్టూ కట్టాను. విజేందర్ హోల్డరు బిగించి ఎల్ఈడీ బల్బు పెట్టాడు. "అన్నా, అట్టకు బల్బు తాకొద్దు. పైన జర జాగా ఇడువు, బల్బు ఏడి మీదికి పోవాలె" అన్నాడు.

అది పాలగాజు మసక బల్బు. వెలుగు బెజ్జాల్లోంచి పోయి గోడ మీద పువ్వు కట్టలేదు. నేను పాత రకం అరవై వాట్ల తీగ బల్బు కొని పెట్టాను. అప్పుడు పువ్వులు పడ్డాయి. వెలుగు పైకి పోకుండా పైభాగం కూడా అట్టతో మూశాను. గోడ మీద నలభై రెండు పువ్వులు. రోజూ లెక్కపెట్టేవాణ్ణి. ఆ గదికి ఎవరూ రారు. నలభై రెండూ ఉన్నాయని చూసుకుని అన్నం తినేవాణ్ణి.

నిన్న 6.10కి దీపం వేసి పాల ప్యాకెట్ కోసం వెళ్లాను. 6.40కి తిరిగి వచ్చేసరికి పొగ. విజేందర్ తలుపు పగలగొట్టి, "మెయిన్ బంద్ జేసిన, గిప్పుడు నీళ్లు పొయ్యుండ్రి" అని అరుస్తున్నాడు. నా పరుపు, ఆ గదిలో పెట్టుకున్న బిక్షమ్మ గారి బొంతలు కాలాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆర్పిన వాణ్ణే పట్టుకొచ్చారు. నాకు సిగ్గుగా ఉంది. గది ఖాళీ చేయమంటే చేస్తాను.

కానిస్టేబులు ఇది రాసుకుంటుండగా పక్క బెంచీ మీద నుంచి విజేందర్ అన్నాడు: "లోపలి తీగ కనవడే గాజు ఎల్ఈడీ ఉంటది గదనే అన్నా. అంత ఏడి కాదు, పువ్వులు గూడ మంచిగ పడుతయి. గోడ మీద పువ్వులు గావాలని నాతోని ఒక్క మాట అంటే తెచ్చిద్దును."

అతనితో చెప్పవచ్చని నాకు తోచనే లేదు. అది కూడా రాయమని అడిగాను.

చదివి వినిపించారు. ఎవరి ఒత్తిడీ లేకుండా నేను చెప్పినదే ఇందులో ఉంది, అంతా నిజం.

(సంతకం) ధర్మయ్య
15-11-2022, ఉదయం 11.30