పక్క సీటు బెల్టు

కారు కొన్న నెలకి తెనాలి షోరూమ్ అమ్మాయి రేపల్లె మాస్టారికి ఫోన్ చేసింది.

“బండి ఎలా ఉంది సార్?”

“చూడ్డానికి రేసు కారమ్మా, పెట్రోలు మాత్రం మోపెడ్‌లా తాగుద్ది. బాపట్ల రోడ్డు మీద ఎనభైలో పోయినా వణకదు. గుంటలో పడితే మాత్రం నడుం విరుగుద్ది.”

“ఇంకేమన్నా ఇబ్బందులున్నాయాండి?”

“ఇబ్బందని కాదుగానీ, పక్క సీటు బెల్టు పెట్టుకోలేదని ఒకటే మోత.”

“పక్కన ఎవరు కూర్చుంటారండి?”

“ఎవరూ లేరు. బియ్యం మూట పెట్టా. నెలగా అక్కడే ఉంది.”

“వెనక సీట్లో పెట్టండి సార్, మోత ఆగిపోద్ది.”

“తెలుసమ్మా. పోయినేడు పోయిన మా ఆవిడ కూడా బెల్టు పెట్టుకునేది కాదు. పాత కారులో దారంతా నేనే అరిచేవాణ్ణి. ఇప్పుడా పని కారు చేస్తోంది. మూట కూడా వినట్లేదు.”