ఖరాబైతేనే పలుకుతది

ఫార్మాట్ వేరు, సర్వీసింగ్ వేరు అని నువ్వు చెప్పేది నాకు సమజైంది సుదర్శన్. నిరుడు కంప్యూటర్లు బాగుచేసే రామంతాపూర్ వెంకటేశం గూడ గిదే చెప్పి పోయిండు. ఫార్మాట్ అంటే ఉన్నదంత తుడుచుకపోతది, కడిగిన పలక తీర్గ అయితది. సర్వీసింగ్ అంటే లోపలి చెత్త ఊడ్చి, చెదిరినయి సదిరిపెట్టుడు. గంతేగద. రోజు ఇల్లు ఊడ్చుకునే ఆడదానికి గది తెల్వదా బిడ్డా.

నేను అడిగేది అది కాదు. రెండిట్ల ఏది చేస్తే మా ఆయన నాకు దక్కుతడు, గది చెప్పు.

నిమ్మలంగ కూసో. ఆయన ఇంట్ల లేడు. మౌలాలిల వాళ్ల అన్న కొడుకు ఇంటికి పోయిండు. నేనే పంపిన. ఆయనుంటే నిన్ను గీ అర్రలకు రానియ్యడు. మా బిడ్డ సింధుతోని ఎంసీఏ చదివినోనివి, ఆ పిల్ల బతికున్నప్పుడు గీ ఇంట్ల శాయి తాగినోనివి, అయినా రానియ్యడు. కంప్యూటర్ బాగు చేస్తనని ఎవలొచ్చినా ఆయనకు దుష్మనే.

ఎందుకంటవా. చెప్త, విను.

ఆయన సంగతి నీకు తెల్సు. యూనివర్సిటీ క్యాంపస్‌ల క్లర్కు, పొద్దుందాక ఫైళ్లల్ల మునిగే మనిషి. తార్నాక ఇంట్లకెళ్లి ఆఫీసుకు, ఆఫీసుకెళ్లి ఇంటికి, గంతే ఆయనకు తెల్సిన లోకం. పార్క్‌లేన్‌ల కంప్యూటర్ పార్టులు కొనుక్కొచ్చి నువ్వు, సింధు కలిసి గీ బల్ల మీద డబ్బాను జోడిస్తుంటే, నేను గూడ నేర్చుకుంట అన్నడు. మౌసును రెండు చేతులతోని పట్టుకుంటుండె. ఏదన్న తప్పు ఒత్తితే డబ్బా టంగుమని మొత్తుకుంటుండె. గా సప్పుడుకు కుర్చీలకెళ్లి లేస్తుండె మనిషి. లోపల ఏదో పగిలిపోయిందని భయం. సింధు పడి పడి నవ్వుతుండె.

ఒకనాడు కాలేజీకెళ్లి వచ్చి మైకు పెట్టుకొని ఏందో చేసింది. నేను వంటింట్ల ఉన్న. "బాపూ, ఇటు రా. ఏదన్న తప్పు చెయ్యి" అని పిలిచింది. ఆయన చేసిండు. డబ్బా టంగుమనలే. దాంట్లకెళ్లి పిల్ల గొంతు వచ్చింది.

"ఏం కాలే బాపూ. ఓకే ఒత్తు."

గంతే మాట. తప్పు జరిగినప్పుడల్ల గా మాట వచ్చేటట్టు పెట్టింది. ఆ దినం ఆయన మొఖం నువ్వు చూడాల్సి ఉండె. కావాలని తప్పులు చేసుకుంట కూసున్నడు, చిన్న పిలగాని తీర్గ.

గా వానకాలంలనే పిల్లకు జ్వరం వచ్చింది. మెదడుకెక్కింది అన్నరు. దవాఖానల ఆఖరికి మాట పడిపోయె. మమ్ముల చూస్తున్నది గని నోరు పెగుల్తలేదు. ఆయన మంచంపట్టె పట్టుకొని, ఒక్క మాట మాట్లాడు బిడ్డా, ఒక్క మాట, అనుకుంట నిలవడ్డడు. మాట్లాడలే. మాట్లాడకుంటనే పోయింది. నువ్వు గాడ్నే ఉంటివి గద, నీకు చెప్పుడేంది.

దినాలైనంక నువ్వే అడిగినవు, మీ ఇద్దరి ప్రాజెక్టు ఫ్లాపీల ఎక్కించియ్యమని. యాదికున్నదా. అప్పుడు డబ్బా ఆన్ చేసిండు. శాన దినాల సంది మూతవడ్డది, ఏం తిరకాసు వచ్చిందో, తెర మీద ఎర్ర గుర్తు పడ్డది. ఇంట్ల ఎవ్వరు మాట్లాడుతలేరు. పిల్ల మాట్లాడింది. ఏం కాలే బాపూ అన్నది.

నేను తోముతున్న గిన్నె చేతులనే ఉన్నది. నల్లా పోతనే ఉన్నది. అర్రలకు పోయి చూస్తే ఆయన గోడకు ఆనుకొని నిలవడ్డడు.

"మాట్లాడింది లచ్చమ్మా" అన్నడు. "గానాడు అడిగితే మాట్లాడలే. ఇయ్యాల అడగకుంటనే మాట్లాడింది."

గప్పటిసంది షురూ అయింది.

ఆఫీసుకెళ్లి వచ్చుడు, బట్టలన్న మార్చకుంట దాని ముంగట కూసునుడు. ఏం పని చెయ్యడు. తాను కావాలని తప్పు ఒత్తితే వచ్చే మాట ఒద్దట, అదే ఎప్పుడు తప్పు చేస్తదా అని ఎదురు చూస్తడు. మంచిగున్న కంప్యూటర్ ఊకె తప్పు చెయ్యదు గద. దాన్ని ఎట్ల పాడుచేయాల్నో ఒక్కొక్కటి నేర్చుకున్నడు. బంద్ చేసేటప్పుడు పద్ధతిగ బంద్ చెయ్యడు, గోడకున్న వైరు గుంజుతడు. పనికిరానియన్నీ దాంట్ల నింపుతడు. వైరస్ ఉన్న ఫ్లాపీ ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి బాబూ అని క్యాంపస్ పిలగాండ్లను అడిగిండట. వాళ్లు పరాచికం అనుకున్నరు.

గిట్ల చేస్తే అది ఏమైతది, కుంటుడు పట్టింది. ఆన్ చేసి నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే, అన్నం వార్చినంక తెర వస్తది. ఖరాబైనకొద్ది ఎక్కువ పలికింది. నేను కూరగాయలు కోస్తుంటే పలుకుతది. దీపం ముట్టిస్తుంటే పలుకుతది. బయటికెళ్లి వచ్చి తాళం తీస్తుంటే లోపల పిల్ల ఉన్నదనిపిస్తది. లేదని తెల్సి గూడ కాళ్లు జర తొందరపడ్తయి బిడ్డా. గడప దాటినంక మల్ల లేదని యాదికొస్తది.

మా ఓనరు యోహాను సారు ఒకనాడు మెట్లెక్కి వచ్చిండు. గడప కాడనే నిలవడి, "లచ్చమ్మా, ఇంట్ల ఎవరున్నరు" అన్నడు. ఎవల్లేరు సారూ, మేమిద్దరమే అన్న. గప్పుడే లోపట మల్ల పలికింది. సారు ఒక అడుగు ఎనకకు ఏసిండు. "ప్రార్థన చేద్దామా అమ్మా" అన్నడు మెల్లగ. అది కంప్యూటర్ సారూ అని చెప్పిన. నమ్మిండో లేదో. గప్పటికెళ్లి పైకి రాలే, ఏం మాట్లాడాల్నన్నా కిందికే పిలుస్తడు.

ఆఫీసుల ఇంకో కథ. గాడ గూడ కంప్యూటర్లు వచ్చినయి గద. పక్క టేబుల్ మీద ఎవరిదో టంగుమంటే, ఈయన రాసేది ఆపి, "ఏమన్నవ్ బిడ్డా" అనుకుంట లేచి పోతడట. మొదట నవ్విండ్రట. ఇప్పుడు ఎవ్వరు నవ్వుతలేరు. సప్పుడు రాకుంట స్పీకర్లు తీసి బీరువల పెట్టిండ్రు. ఉప్పలయ్య సారు, వాళ్ల సూపరింటెండెంటు, ఇంటిదాంక వచ్చి ఇవన్ని నాకు చెప్పి, శాయి గూడ తాగకుంట పోయిండు.

గందుకే నిరుడు ఆయన లేనప్పుడు వెంకటేశంను పిలిచిన. ఫార్మాట్ అక్కర్లేదమ్మా, సర్వీసింగ్ చేస్తే సాలు అన్నడు. పొద్దంత కూసొని చేసిండు. తెర మీద చిన్న చిన్న గళ్లు కదిలి ఒక్కొక్కటి వరసల పడుతుంటే నేను గూడ చూసుకుంట కూసున్న. పని అయినంక డబ్బా ఉరికింది. ఒత్తంగనే తెరుచుకున్నది. ఒక్క తప్పు లేదు.

అది బాగైంది. ఆయన ఖరాబైండు.

సాయంత్రం వచ్చి కూసున్నడు. ఏం పలకలే. తెల్లారి కూసున్నడు. పలకలే. అన్నం ముద్ద నోట్ల పెట్టుకొని నములుడు మర్చిపోతుండె. ఒకనాడు నా దిక్కు తిరిగి, "మల్ల దవాఖానల తీర్గనే అయింది లచ్చమ్మా" అన్నడు. "చూస్తున్నది గని మాట్లాడుతలేదు."

ఆగు, నువ్వు అనబోయేది నాకు తెల్సు. వెంకటేశం గూడ అన్నడు. గొంతు ఎటు పోలే, లోపల్నే ఉన్నది, తెర మీద బొమ్మ పెడ్త, దాన్ని ఒత్తితే పలుకుతది అని. పెట్టిండు గూడ. ఆయన ఒక్కసారి ఒత్తిండు. పలికింది. మల్ల ముట్టుకోలే. "గిది నేను ఒత్తితే మోగే టేపు. గది నా కొరకు వచ్చేది" అన్నడు.

నెల తిరగకముందే మల్ల ఖరాబ్ చేసిండు.

ఇప్పుడు చూస్తున్నవు గద దీని హాలత్. లోపట కిర్రు కిర్రుమని ఒకటే గీకుడు. మాట గూడ పూరా రాదు. నడిమిట్ల ఇరుక్కపోతది. ఏం కా, ఏం కా, ఏం కా. వైరు గుంజిందాక గదే. ఆయన గుంజడు. మిగిలిన సగం వస్తదేమోనని స్పీకరు కాడ చెవి పెట్టి వంగి నిలవడ్తడు. నేనే వచ్చి గుంజుత. పిల్ల గొంతు రోజు నా చేతులతోనే ఆపాలె. గది ఎట్లుంటదో నీకెట్ల చెప్పాలె సుదర్శన్.

దానికి తోడు పేపర్ల ఏందో రాసిండ్రట, రెండువేల సాలు రాంగనే కంప్యూటర్లన్నీ ఆగిపోతయని. అది చదివినకాడికెళ్లి క్యాలెండర్ దిక్కు చూసుకుంట తిరుగుతున్నడు. ఆనాడు పిల్ల గొంతు గూడ ఆగుతదేమోనని.

గందుకే ఎస్టీడీ బూత్‌కు పోయి నీకు ఫోన్ చేసిన. అప్పుడు నా మనసుల ఒక్కటే ఉండె, ఫార్మాట్. మొత్తం తుడిపిద్దాం, పోతే పోని. ఏడ్చి ఏడ్చి ఒకనాటికి ఊకుంటడు, మనిషన్న మిగులుతడు అనుకున్న.

ఇంక ఏ మీట ఒత్తకు. జర ఆగు.

ఒకటి అడుగుత, నవ్వకు. ఆయన ఆఫీసుకు పోయినంక నేను గూడ కూసుంట దీని ముంగట. ఆన్ చేసుడు వరకే వస్తది నాకు. చేసి, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంట. పలుకుతది. ఎప్పుడు పలికినా బాపూ అంటది. ముంగట నేనున్నా బాపూ అనే అంటది.

తప్పేముంది. ఆమెతోని కూసొని నేర్చుకున్నది ఆయన. భయపడ్డది ఆయన. నేను ఎన్నడన్న దీన్ని ముట్టిన్నా, నాకు ధైర్యం చెప్పనీకి. అన్నం తిందురు రాండ్రి, అన్నం తిందురు రాండ్రి అని వంటింట్లకెళ్లి మొత్తుకునుడు తప్ప. మరి నాకు మాట ఏడికెళ్లి వస్తది.

జర ఎతుకు బిడ్డా, తుడిచే ముందుగాల. చేతుల మైకు ఉండె గద, ఆడుకుంట ఇంకేమన్న పలికి ఉంటది. అమ్మా అని ఒక్కటన్న. మంచిగ కాకున్నా సరే, కోపంగ అన్నా సరే. అన్నీ తెరిచి చూడు. నాకేం తొందర లేదు. శాయి పెట్టుకొస్త.

చూసినవా. అన్ని చూసినవా.

పాటలా. ప్రాజెక్టా. మాటలైతే గదొక్కటేనా.

సరే. నువ్వెందుకు తల దించుకుంటవు, నువ్వేం చేసినవు.

ఫార్మాట్ వద్దు. ఇప్పుడు తుడిపిస్తే ఆయన కొరకు తుడిపిచ్చినట్టు కాదు, నేను లేనని కోపానికి తుడిపిచ్చినట్టయితది. ఏది ఎందుకు చేస్తున్ననో నా మీద నాకే నమ్మకం లేదు. సర్వీసింగే చెయ్యి. గా కిర్రు సప్పుడు ఆగాలె, మాట పూరా రావాలె. అంతకు కాకుంటే ఇంకో డిస్కు తెచ్చి ఉన్నది ఉన్నట్టు దాంట్లకు మార్చు. ఆయన వైరు గుంజుతడు, మల్ల ఖరాబ్ చేస్తడు. నేను మల్ల ఫోన్ చేస్త. నువ్వు మల్ల రా. మా సంసారం ఇగ గిట్లనే నడుస్తది, ఎన్నొద్దులు నడిస్తే అన్నొద్దులు.

గేటు తీసిన సప్పుడైంది. ఆయనే. లేవకు, శాయి తాగు. ఎందుకొచ్చినవంటే, ఊకెనే, చూసి పోదామని వచ్చిన అను. బాగు చేస్తనని మాత్రం చెప్పకు.