గోంగూర కాదక్కా అది

పన్నెండు సార్లు చేసానక్కా ఫోను, పన్నెండు సార్లు! ఒక్కసారైనా ఎత్తాలని లేదా నీకు? ఏంటీ, వాకిలి కడుగుతున్నావా? ఇక్కడ నా ప్రాణం గొంతులోకొచ్చి కూర్చుంటే నువ్వు తీరుబడిగా వాకిలి కడుగుతున్నావా!

తప్పుకో, లోపలికి రానీ. గేటెయ్యి. గడియ కూడా ఎయ్యి. అలా చూత్తావేంటి, నేనే, వీరవేణినే. హూరా నుంచి ఈ సిత్రా దాకా టాక్సీలో తలొంచుకునే వచ్చాను. వెనకాల ఏ తెల్లకారొచ్చినా పోలీసోళ్ళే అనిపించింది. ఈ అరబ్బుల ఊళ్ళో కార్లన్నీ తెల్లగానే ఉంటాయని ఇయ్యాలే తెలిసింది నాకు.

మగోళ్ళు లేరు కదా? జుమ్మా నమాజుకెల్లారా? మేడమ్ పైన పడుకుందా? సరే. గంటుంది మనకి. గంటలో నేను చెప్పేదంతా చెప్పేయాలి, నువ్వేమో వినాలి.

ఆగాగు. ఆ చేతిలో బుట్టేంటి?

కోసేసావా? అయ్యో నా రాత! కింద పెట్టక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ముందా బుట్ట కింద పెట్టు. ఎంత కోసావు? ఈ గుప్పెడేనా? ఎవరికీ ఇవ్వలేదు కదా? సాయంత్రం ఫెలోషిప్పులో పప్పులో ఏద్దామనా? ముప్పై మంది తింటారు కదక్కా, పిల్లలతో సహా! ఇంటికెల్లిపోతున్నావని నీకు వీడ్కోలు ప్రార్థన పెట్టి, నీ చేతి పప్పన్నం తిని... బాబోయ్, నేను ఊహించుకోలేను.

అది గోంగూర కాదక్కా.

నవ్వకు. నేను ఎగతాళికి వచ్చినట్టు ఉన్నానా? మొన్నామధ్య ఒకాకు నమిలి "ఇదేంటే వేణీ, పులుపే లేదూ" అన్నావు గుర్తుందా? "ఈ దేశం నీళ్ళకి పులుపెక్కలేదక్కా" అన్నాను. ఎంత బాగా చెప్పాను అబద్ధం! నువ్వు నమ్మేసావు. నేను ఏం చెప్పినా నమ్ముతావు నువ్వు.

గంజాయక్కా. గంజాయి మొక్కది.

ఉష్! అరవకు. మేడమ్ లేత్తది. కూర్చో, ఆ మెట్టు మీద కూర్చో. నేనూ కూర్చుంటాను.

అద్లియాలో ఒక దొర ఫ్లాటు తుడుత్తున్నానని చెప్పాను కదా? ఆ, కుక్కపిల్లున్న దొరే. ఆ ఇంట్లో ఓ గదికెప్పుడూ తాళం. ఓ రోజు తనే తీసి లోపలికి పిలిచాడు. తలుపు తీయగానే పగలు లాంటి వెలుతురు, వరసగా కుండీలు. మొక్కలన్నీ ఆకులు వేలాడేసి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలీక దొర జుట్టు పీక్కుంటన్నాడు. ఒక్క కుండీలో వేలు పెట్టి చూసాను, బురద. నీళ్ళెక్కువైపోయాయని చేతులతో చెప్పాను. వారం తిరిగేసరికి లేచి నిలబడ్డాయి.

నీకు తెలుసు కదా నేను కడియం నర్సరీల్లో పెరిగినదాన్ని. పన్నెండేళ్ళప్పటి నుంచీ మొక్కలకి అంట్లు కట్టాను. వీరవేణి చెయ్యి పెడితే ఎండుపుల్ల కూడా చిగురేత్తదని భీమేశ్వరరావుగారు నలుగురి ముందూ అనేవారు, మా నర్సరీ ఓనరు. ఇక్కడికొచ్చాక ఈ చేత్తో ఏం చేసానక్కా? బాత్రూములు కడిగాను. ఎవరెవరో పిల్లల ముడ్లు కడిగాను. నాకో చెయ్యుందని ఎవరైనా అడిగారా?

ఆ దొర అడిగాడు.

కుర్చీ ఏసాడక్కా నాకు. తనే టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. "నువ్వు పెద్ద నిపుణురాలివి" అని ఇంగ్లీషులో ఏదో అన్నాడు, సగం అర్థమైంది, మిగతా సగం మొహంలో కనిపించింది. ఆ తరవాత నేను చీపురు పట్టుకోవడం తగ్గింది. కొమ్మలు కత్తిరించడం, వాటిని కప్పుల్లో గుచ్చి వేర్లు పట్టించడం, అదే నా డ్యూటీ. ఒక తల్లి మొక్క నుంచి పది పిల్లలు. పదికి పదీ బతికేయి. దొర చప్పట్లు కొట్టాడు.

ఏంటీ? తెలీదా అంటావా? ఏ మొక్కో తెలీకుండానే చేసానా అనా?

తెలీదనే చెప్దామనుకుని వచ్చాను. టాక్సీలో అదే వల్లించుకున్నాను. "నాకేం తెలుసక్కా, దొర పెంచమన్నాడు, పెంచాను." కానీ నీ మొహం చూత్తా చెప్పలేను.

మొదటి రోజే తెలుసు. తలుపు తీయగానే వాసన కొట్టింది. పుష్కరాలప్పుడు రాజమండ్రి రేవులో బూడిద పూసుకున్న బైరాగులు గుంపులుగా కూర్చుని పీల్చేవారే, ఆ వాసనే. పచ్చిగా ఉందంతే. తెలిసీ చేసాను. ఈ దేశంలో అదెంత నేరమో కూడా తెలుసు. పట్టుబడితే ఏళ్ళకేళ్ళు లోపలే అని రూములో అందరూ చెప్పుకుంటారు కదా. అయినా ఆ కుర్చీ, ఆ టీ... ఛీ, ఎంత సిగ్గుమాలినదాన్నో చూడు.

నీ దగ్గరికి ఎలా వచ్చిందంటావా? అదీ చెప్తాను. ఓసారి పదకొండు కొమ్మలు గుచ్చాను. పదకొండోది పీలగా ఉంది. పారేయమన్నాడు దొర. కడియంలో ఎవరూ కత్తిరించిన కొసని పారెయ్యరక్కా. అలా పెంచలేదు మమ్మల్ని. చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను కూడా. చెయ్యి తెరుచుకోలేదు. టిఫిన్ బాక్సులో పెట్టుకుని రూముకి తెచ్చి పాలపొడి డబ్బాలో పాతాను. బతుకుతదో లేదో చూద్దామని, అంతే.

నువ్వు ఆ శుక్రవారం వచ్చి కిటికీలో చూసావు. "గోంగూరే! ఎక్కడ దొరికిందే!" అని చిన్నపిల్లలా ఎగిరావు. ఆరేళ్ళైంది కదా నువ్వు ఇంటికెల్లి. ఆకు చూత్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, నీ తప్పేం లేదు. "ఇచ్చెయ్యవే, మా కిచెను వెనకాల గోడవార పెట్టుకుంటాను" అన్నావు. నేనొక్క మాట అనొచ్చు. కాదక్కా అనొచ్చు. అంటే మరి ఏంటిది అంటావు. నువ్వు డబ్బా చంకనెట్టుకుని బస్సెక్కేత్తంటే కిటికీలోంచి చూత్తా నిలబడ్డాను.

మొన్న బుధవారం దొరని తీసుకెళ్ళిపోయారు.

నిన్న పొద్దున్న డ్యూటీకెల్లితే వాచ్‌మన్ భాయ్ మెట్ల కిందకి లాగాడు నన్ను. పోలీసులు వచ్చారు, కుండీలన్నీ మోసుకుపోయారు, నువ్వు ఇటు రాకు, భాగ్ జావో అన్నాడు. రిజిస్టరు కూడా పట్టుకెల్లారంట. బిల్డింగులో పనికొచ్చేవాళ్ళ పేర్లు, ఐడీ కార్డు జిరాక్సులు అందులోనే ఉంటాయి కదా. మొక్కల పని చేసిన ఇండియా ఆడమనిషి ఎవరని అడిగారంట.

మరి నేనెందుకు పారిపోకుండా నీ దగ్గరికి వచ్చానంటావా? ఈ మొక్క పీకించడానికే అనుకుంటన్నావు కదా? అంతేనైతే ఎంత బాగుండునక్కా.

ఇటు చూడు. కాదు, ఇటు చూడకు. అటు తిరుగు. నువ్వు చూత్తంటే చెప్పలేను.

నేను మొదట నన్ను వీసా మీద తెచ్చిన కఫీలు ఇంట్లోంచి పారిపోయి వచ్చినదాన్నని నీకు తెలుసు. పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది, కార్డు గడువైపోయింది. సిమ్ము కొనుక్కోవే అని నీ కార్డు జిరాక్సు నువ్వే ఇచ్చావు. రెండు కాపీలు ఇచ్చావు. ఒకటి ఫోను షాపులో ఇచ్చాను.

రెండోది ఆ బిల్డింగులో ఇచ్చాను.

కార్డు లేకపోతే లోపలికి రానివ్వనన్నాడక్కా వాచ్‌మను! జిరాక్సులో ఆడోళ్ళ మొహాలన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. చూసి బల్ల కింద పెట్టుకున్నాడు. రిజిస్టర్లో నీ పేరే, జీవమ్మ అని రాసుకున్నాడు. ఆ బిల్డింగులో ఏడాది నుంచీ నేను జీవమ్మనే. దొర కూడా జీవా, జీవా అనేవాడు. పలికేదాన్ని.

ఇప్పుడు అర్థమైందా? వాళ్ళు వెతికేది నన్ను కాదు. శుక్రవారం కాబట్టి ఆగారేమో. కార్డు నంబరు కొడితే మీ కఫీలు పేరొత్తది, ఈ ఇల్లొత్తది. వచ్చి చూత్తే కిచెను వెనకాల నీ నడుమెత్తు మొక్క. నువ్వు పోసిన నీళ్ళు. నాది కాదంటే ఎవరు నమ్ముతారక్కా? వాళ్ళు రాకపోయినా గురువారం ఎయిర్‌పోర్టులో నీ పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టేత్తారు. అక్కడ నీ కూతురు అక్సా పెళ్ళి చీర కూడా కొనకుండా నీ కోసం కూర్చుంది. అమ్మొచ్చాకే కొంటానంది కదా?

కొట్టు. కొట్టక్కా. గట్టిగా కొట్టు. ఎందుకు ఏడుత్తావు?

ఇంకోటి ఉంది. ఇదీ వినెయ్యి. నిన్న వాచ్‌మను చెప్పగానే నాకేమనిపించిందో తెలుసా? అమ్మయ్య అనిపించింది. వెతికేది జీవమ్మని, వీరవేణిని కాదు. రూముకెల్లి దుప్పటి కప్పుకుని నిద్రపోయాను కూడా. హాయిగా పట్టింది నిద్ర. పొద్దున్న లేచాక, సాయంత్రం నీ వీడ్కోలు ప్రార్థనని గుర్తొచ్చింది. నేను హిందూదాన్నైనా ప్రతి శుక్రవారం పక్కన కూర్చోబెట్టుకుని, నా పేరు కూడా చెప్పి ప్రార్థన చేత్తావు కదా నువ్వు. ఇయ్యాల కూడా చేత్తావని గుర్తొచ్చింది. అప్పుడు భయమేసింది. పోలీసులంటే కాదు, నేనంటే నాకే.

పొద్దున్నే రెండుసార్లు పోలీస్ స్టేషన్ దాకా ఎల్లాను. నేనే వీరవేణిని, ఆ మొక్కలు నేను పెంచాను, జీవమ్మక్కకేం తెలీదు అని హిందీలో కూడబలుక్కున్నాను. గేటు కనబడగానే కాళ్ళు వెనక్కి తిరిగిపోయాయి రెండుసార్లూ. అందుకే నీకు ఫోను మీద ఫోను.

మగోళ్ళు వచ్చే వేళైంది. పద, ముందు దీన్ని పీకేద్దాం. నువ్వు ముట్టుకోకు, నేను పీకుతాను. ఆకులు కూడా ఈ సంచిలోనే పొయ్యి, ఒక్కటి కూడా మిగలకూడదు. ఇది నాతోనే స్టేషన్‌కి పట్టుకెల్తాను. ఎక్కడిదంటే, నేనే ఇచ్చాను, గోంగూరని నమ్మించాను అని చెప్తాను.

ఏంటలా చూత్తన్నావు?

ఓ... చూసావా. వేరుకి తడిగుడ్డ చుడుతున్నాను. మట్టి రాలకుండా అదుముతున్నాను కూడా. జైలుకి పట్టుకెళ్ళే మొక్కకి తడెందుకక్కా? తెలీదు. వాడిపోతదని. ఈ చెయ్యింతే. ఇది ఎవరి మాటా వినదు.

చెప్పులేసుకో. మేడమ్ లేవకముందే వచ్చేద్దువుగాని. స్టేషన్ లోపలికి రావద్దు, నీ కార్డు ఎవరికీ చూపించొద్దు. గేటు దాకా వచ్చి నన్ను లోపలికి తోసెయ్యి, చాలు. అంతదాకా నా చెయ్యి మాత్రం వదలకు. గట్టిగా పట్టుకో. ఇంకా గట్టిగా.

వదిలావంటే పారిపోతానక్కా. ఒకసారి పారిపోయినదాన్నే కదా.