నేల మీద నిలబడి చదివేలా

రోము నగరంలో డిసెంబరు పొద్దు. ఉడికిన శనగలమ్మే వెట్టియా ఇరవై ఏళ్ళుగా పొట్ట పోసుకుంటున్న చోటు ఖాళీ చేయించడానికి సంత అధికారి బంట్రోతు హెల్వియస్ వచ్చాడు.

"తీయనంటే తీయను. కావాలంటే పొయ్యి నువ్వే ఎత్తుకుపో. చేతులు కాలితే నన్ననకు."

"నా మీద ఎగిరితే ఏం లాభం వెట్టియక్కా? దొరగారి ప్రకటన. నెల్లాళ్ళ గడువు నిన్నటితో సరి."

"ఏ ప్రకటన?"

"అదిగో, గుడి స్తంభం మీద. తెల్ల పలక."

"ఎక్కడా?"

"పైన. ఇంకా పైన."

"ఆ పావురాల పక్కనా? అందులో ఏం రాశారో వాటికే తెలియాలి."

"ఎవరూ చెరపకుండా ఉంటుందని దొరగారే అంత పైన పెట్టించారు."

"ఎవరూ చదవకుండా అను. పలక పెడితే నేల మీద నిలబడ్డ మనిషి చదివేలా పెట్టాలి. అదీ చట్టం. నీ దొరకి తెలీదా?"

"తెలుసు... అంటే... అయినా నీకు చదువెక్కడిది?"

"నా మొగుడు ఎన్నికలకి గోడల మీద పేర్లు రాసేవాడు. రంగు కలిపింది నేను. ఆయన తప్పులు దిద్దిందీ నేనే."

"పోనీ అక్కా, ఈ ఒక్కసారికి..."

"ఈ ఒక్కసారికీ లేదు. ఈ పొయ్యి మీదే ముగ్గురు పిల్లల్ని పెంచాను. దొర బావమరిదికి ద్రాక్షసారా కొట్టు కావాలని నేను రోడ్డున పడాలా? పలక దించు. లేదంటే మాలాంటోళ్ళ మొర వినే జనప్రతినిధి ఇంటికి పోతా. ఆయన తలుపు రాత్రీ పగలూ మూయకూడదు, నీకు తెలుసు."

"ఆయన దాకా ఎందుకులే. నిచ్చెన తెప్పిస్తా. దించాక చదివి, నోరు మూసుకుని వెళ్తావా?"

"అందులో ఏముంటే అది చేస్తా. నా మాట."

నిచ్చెన వచ్చింది. పలక దిగింది.

"ఇదిగో, నీ ముక్కుకి ఎదురుగా కొట్టాను. చదువు."

"'ఈ ప్రకటన... సక్రమంగా పెట్టిన రోజు నుంచి... ముప్పై రోజుల్లో... ఖాళీ చేయాలి.' సక్రమంగా పెట్టింది ఇవాళేగా?"

"అయ్యో దేవుడా... సరే, ఇంకో ముప్పై రోజులు. ఆ తర్వాత కదులుతావుగా?"

"మీ దొర పదవి ఎన్నాళ్ళుంది?"

"జనవరి ఒకటిన కొత్తాయన వస్తాడు. అంటే ఇంకా పద్దెనిమిది..."

"ఆగావేం? చెప్పు."

"దొర దిగిపోతే... ఆయన ప్రకటన కూడా..."

"చెల్లదు. ఆ మేకు ఇంకాస్త గట్టిగా కొట్టు నాయనా, వచ్చేపోయేవాళ్ళందరూ చదవాలి."