కొండను లాగిన టైర్లు

వడ్రంగి అమ్మాయి ట్రైలర్‌ని జాకీ మీద లేపి, పాత చక్రాలు ఊడదీసి, టీకొట్టు ముందు నిలబడింది. తెల్లారితే నలభై బడిబల్లలు ఘాట్ రోడ్డు దించాలి. మూడు నెలల చాకిరీ. మలుపులో టైరు పేలిందా, అంతా లోయపాలే. ట్రైలర్లకని తయారుచేసే కొత్త టైర్లు కొందామని బయల్దేరబోతే, మేనమామ తన షెడ్డులోని పాత కారు టైర్లు రెండు దొర్లించుకొచ్చి అడ్డం పడ్డాడు. ఎండలో పనిచేసేవాళ్లకు నీడలో కూర్చున్నవాళ్లు సలహా చెప్పని రోజు ఈ లోకానికి ఇంకా రాలేదు.

"కొత్తవెందుకే పిచ్చిపిల్లా! వీటి మీద ఇరవై బస్తాల సిమెంటు లాగాను, తెలుసా?"

"లాగి ఉంటావులే," అంది. వెయ్యి కిలోలు, నమ్మొచ్చు.

ఆ ఒక్క మాటతో ఆయనకు ఊపొచ్చేసింది.

"సిమెంటు దించి వస్తుంటే దారిలో బస్సొకటి ఆగిపోయి ఉంది, జనం గోలగోల, పాపం కదాని బస్సును జనంతో సహా ట్రైలర్ మీదికి ఎక్కించా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కండక్టరు నాక్కూడా టికెట్టు కొట్టాడు!"

"చిల్లర ఇచ్చాడా?" అన్నాడు టీకొట్టాయన.

"నువ్వు గ్లాసులు కడుక్కో! ఇంకాస్త ముందుకొస్తే రెండంతస్తుల మేడ. ఇంటాయన 'అన్నా, పడమటెండ చంపుతోంది, ఇల్లు కాస్త అవతల పెట్టిపోవా' అన్నాడు. బస్సు దించకుండానే మేడా ఎక్కించా. పైన వాళ్లావిడ పొయ్యి మీద పాలు పెట్టింది, ఒక్క చుక్క ఒలికితే ఒట్టు! అంతలో అడ్డంగా కొండ. చుట్టూ తిరిగితే పాలు చల్లారిపోవూ? గొలుసేసి కొండను కూడా లాక్కుపోయా. గాలైనా తగ్గితే అడుగు!"

టీకొట్టాయనకు పొలమారింది. ఆమెకు మాత్రం నవ్వు సగమే వచ్చింది. కోతలు కోతలే గానీ, టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి. కాదంటే మామయ్య అలుగుతాడు. స్పానరు చేతిలోకి తీసుకుంది కూడా.

"ఇదంతా ఎప్పుడు మామయ్యా?"

"నా పెళ్లికి ముందే! ముప్పై ఏళ్లు దాటింది. చూడు, ఇంకా ఎలా నిగనిగలాడుతున్నాయో!"

ఆమె వంగి, టైరు పక్కన అంటిన మట్టిని చేతిగుడ్డతో తుడిచింది. తయారైన వారం, ఏడాది ప్రతి టైరు మీదా అక్కడే అచ్చేసి ఉంటాయి; ఏళ్లు ముదిరిన రబ్బరు పైకి నిగనిగలాడినా బరువుకు పేలొచ్చు. అందరికీ వినపడేలా చదివింది.

"ఇరవై రెండో వారం, రెండు వేల పదిహేను. నా బల్లలకేమో ఇవి మరీ ముసలివి మామయ్యా. నీ కొండ నాటికేమో ఇంకా పుట్టనే లేదు."

ఆయన టైరును ఒక్క చరుపు చరిచాడు.

"అదేనే నేను చెప్పేది! పుట్టకముందే అంత లాగాయంటే..."

అప్పటికే ఆమె రోడ్డు దాటి టైర్ల కొట్టు మెట్లెక్కుతోంది.