తాతారావు ఫోన్లో సముద్రం

కాసులమ్మ ఆ ఫోన్ని కొంగున ముడేసుకుని ఆటో ఎక్కేసిందంట. ఎనకాల మొగుడు తాతారావు "ఉండవే, సెప్పులేసుకోనీ" అని అరుత్తా పరిగెడతన్నాడంట. ఆటోవోడు ఆపబోయేడు గానీ ఆవిడ ఆపనియ్యలేదు. పాపం ఆయన ఒట్టి కాళ్ళతోనే ఎనక కమ్మీ పట్టుకుని ఏలాడతా ఎక్కేడనుకో. మీరు నవ్వుతన్నారు గానీ, ఆ పొద్దు ఆళ్ళింట్లో పొయ్యి కూడా ఎలిగించలేదు. ఎందుకంటే ఆ ఫోన్లో సముద్రం ఉంది. నిజమే సెప్తన్నాను, సముద్రమే. మన ఇసకపాలెంలో తాతారావు నాన్న ముసలయ్య ఉండేవోడు కదా, లైటుహౌసుని తాటితోపుతో కలిపి ఓ గీత, కొండ కొమ్ముని ఉప్పుమిల్లు గొట్టంతో కలిపి ఓ గీత, ఆ రెండు గీతలూ ఎక్కడ కోసుకుంటే అక్కడ వల దింపేవోడు. కింద రాళ్ళుంటాయి, రాళ్ళ కాడ సేపుంటాది. ఆయనకది కంటిలో ఉండేది. కొడుక్కి కంటిలో నిలబళ్ళేదు. అందుకని ఏం సేసేడంటే, ముసలాయన బతికున్నన్నాళ్ళూ ఫోను పడవలోకి తీసుకెల్లి, ఆయన "ఇదిగో ఇక్కడ" అన్నప్పుడల్లా ఫోన్లో నొక్కి గుర్తెట్టుకున్నాడంట. ముసలాయన పోయేక సొంతంగా కనిపెట్టినవి కూడా అందులోనే ఏసేడు. అలా నలభై మూడు సోట్లు. అయ్యెక్కడున్నాయో పెళ్ళానికి కూడా సెప్పలేదు. ఎవరైనా కంప్యూటర్లో దాసుకోరా అంటే, "ఎవడి కంప్యూటరో, ఎవడు సూత్తాడో" అని ఒప్పుకోలేదు. ఉన్నదల్లా ఆ ఒక్క ఫోనే.

మరి ఏమైందంటే, అది ఏట బందు కాలం. సముద్రంలోకి ఎల్లకూడదు కదా రెండు నెల్లు. ఇంకో నాలుగు రోజుల్లో బందు తీసేత్తారనగా, తాతారావు పడవకి రంగేసుకుని కాళీగా కూకున్నాడంట. ఫోన్లో "అప్‌డేట్ వొచ్చింది, సెయ్యమంటావా" అని అడిగింది. సరేనని నొక్కేడు. సార్జింగు సూసుకోలేదు. సగంలో టప్పున ఆరిపోయింది. మళ్ళీ ఎలిగిత్తే కంపెనీ పేరు వొత్తాది, పోద్ది. వొత్తాది, పోద్ది. పొద్దుటి నించి మజ్జానం దాకా అలా వొచ్చి పోతానే ఉందంట. (ఒరే, ఆ దారం ఇటు అందియ్యి, ఈ వల కన్ను బాగా సిరిగింది.) తాతారావు గోడకి సేరగిలబడి "మా అయ్య మళ్ళీ సచ్చిపోయేడే కాసులూ" అన్నాడంట. ఆ మాటతో ఆవిడ లేసి, ఫోను లాక్కుని కొంగున ముడేసింది. అదీ ఆటో సంగతి.

సెంటర్లో గోవిందు అని సెల్లుల కొట్టు పెట్టుకున్న కుర్రోడున్నాడు. ఆడు ఫోను సూసి, "ఓస్ ఇంతేనా బాబాయ్! ఈ కంపెనీవోడి సామానంతా పీకి పారేత్తాను. దీనికో తాళం ఉంటాది, బూట్‌లోడరని, దాన్ని ఊడగొట్టి, బయటోళ్ళు తయారుసేసిన సామాను, రోం అంటారు, అదెక్కిత్తాను, ఆ పైన రూటు సేసేత్తాను. ఇంక ఫోను కంపెనీ మాటినదు, నీ మాటే ఇంటాది. గుర్రంలా పరిగెడతాది సూడు" అన్నాడంట. తాతారావు మొకం ఎలిగిపోయింది. కాసులమ్మ మటుకు "లోపలున్నవి ఉంటాయా బాబూ?" అనడిగింది. "అయ్యెక్కడికి పోతాయక్కా, మీరెల్లి టీ తాగి రండి" అన్నాడు. సరే, ఎల్లేరు. ఆయన టీ తాగుతన్నాడు, ఈవిడ మటుకు ముట్టుకోలేదు. గ్లాసు అలాగే ఒదిలేసి తిరిగొచ్చేసింది. వొచ్చి సూత్తే, బల్ల మీదకి వొంగి గోవిందు సెవిలో మాటాడతన్నాడొకడు. ఎవడనుకున్నారు? పక్కూరి ఎల్లాజీ! పెద్ద బోటున్నాయన. ఎన్నేళ్ళ నించో తాతారావు పడవ ఎనకాలే తిరిగి, ఆ సోట్లు పట్టుకుందామని సూత్తన్నాడు. ఈవిణ్ణి సూసి "ఏమ్మా కాసులూ, బావున్నావా" అని సోడాసీసా అక్కడే ఒదిలేసి ఎల్లిపోయేడంట.

ఎల్లేక గోవిందు ఏమంటన్నాడంటే, "అక్కా, రోం గీం ఒద్దులే, ఏరేలా బాగుసేత్తాను. ఫోను రేపటిదాకా నా కాడ ఒదిలెయ్యండి. ఆ తెరిసే గీతుంటాది సూడు, వేలితో గీత్తారే, అదెలా గీయాలో సెప్పి ఎల్లండి." ఈలోగా తాతారావు కూడా వొచ్చేడు. అమాయకుడు కదా, వేలు గాల్లోకెత్తి గీసి సూపించబోయేడంట! కాసులమ్మ ఆ వేలు ఒడిసి పట్టేసుకుంది. "ఉండు మావా. ఏం బాబూ, బాగయ్యేక మా ఆయన వొచ్చి గీత్తాడు కదా, గీత నీకెందుకు?" అంది. "తెరిసి సూసుకోవాలక్కా, బాగయ్యిందో లేదో." "ఎలిగితే బాగైనట్టే. లోపల నువ్వు సూసేదేంటి?" ఆడికి కోపం వొచ్చింది. "గీత లేకపోతే దాన్ని ఎవుడూ ఏం సెయ్యలేడు, లోపలంతా గజిబిజిగా ఉంది, నేను సూసేను!" అనేసేడంట నోరు జారి. అంతే! కాసులమ్మ "సూసేవా? నిన్ను బాగుసెయ్యమన్నామా, సూడమన్నామా?" అని, బల్ల మీద ఫోను తీసుకుని, మొగుడి వేలు ఒదలకుండానే బయటికి లాక్కొచ్చేసింది. సెంటర్లో జనమంతా సూత్తన్నారంట, మొగుణ్ణి వేలు పట్టుకుని నడిపించుకెల్తందేంటని.

ఇంక ఎక్కడికెల్లాలి? కాసులమ్మ ఏటున్నప్పుడు పిఠాపురంలో తిరిగి సేపలమ్ముద్ది. అక్కడ బస్టాండు పక్కన మేడమెట్ల కింద మెహరున్నీసా అని ఓ అమ్మాయి ఫోన్లు బాగుసేత్తాది. వాళ్ళమ్మ ఈవిడ కాడే చందువాలు కొంటాది. ఆ ఎరికతో బస్సెక్కి ఎల్లిపోయేరు. ఆ అమ్మాయి కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఫోను తిప్పి తిప్పి సూసి, మొత్తం అడిగిందంట. ఎవరి కాడికెల్లేరు, ఏం సేసేడు, తాళం ఊడగొట్టేడా అని. "ఊడగొడతానన్నాడు, మళ్ళీ ఒద్దన్నాడు" అని కాసులమ్మ ఎల్లాజీ సంగతంతా సెప్పింది. ఆ అమ్మాయి పకపకా నవ్విందంట. "అక్కా, ఆ తాళం ఊడగొడితే ఫోను తనలో ఉన్నదంతా తనే తుడిచేసుకుంటుంది. దొంగ చేతిలో పడితే వాడికేం దొరక్కూడదని అలా పెట్టారు. ఆ అబ్బాయి రోం ఎక్కించి ఉంటే మీ నలభై మూడూ అప్పుడే పోయేవి. ఆ ఎల్లాజీ ఎవరో గానీ, ఆయన ఆశపడి ఆపబట్టి మీవి మిగిలాయి!" అంది. సూడండి మరి, కాజెయ్యడానికొచ్చినోడే కాపాడేడు!

తాతారావు భయంభయంగా "అయితే ఆ రూటు సెడ్డదా అమ్మా?" అన్నాడంట. ఆ అమ్మాయి తన ఫోను తీసి సూపించింది. "చెడ్డదేం కాదు మావయ్యా. ఇదిగో, నాది రూటు చేసిందే, రోం కూడా నేనే ఎక్కించుకున్నాను. రూటంటే ఇంట్లో ప్రతి గదికీ తాళంచెవి మన చేతికి రావడం. నాకు ఏ గది ఎప్పుడు తెరిచానో తెలుసు. తెలియనివాళ్ళు తెరిచి పడుకుంటే ఎవడైనా లోపలికొస్తాడు. అందుకే నా బ్యాంకు యాప్ కూడా దీన్ని చూసి మొండికేస్తుంది. మీకిప్పుడు కావల్సింది అది కాదు. ఫోన్ని నడిపే కంపెనీ వాళ్ళ సామానే, ఫర్మ్‌వేర్ అంటారు, సరిగ్గా ఇదే నంబరుది, తుడవకుండా పైన ఎక్కించాలి. మధ్యలో ఆగితే మటుకు నేనేం చెప్పలేను" అంది. కాసులమ్మ అంతా ఇని, "ఆగకుండా సూడమ్మా" అంది.

తుడిసే ఫైలొకటి, తుడవని ఫైలొకటి, రెండూ పక్కపక్కనే ఉంటాయంట, పేర్లు కూడా దగ్గిర దగ్గిరే. ఆ అమ్మాయి ఒక్కో అచ్చరం మీద వేలెట్టి మూడుసార్లు సదివి, అప్పుడు లాప్‌టాపు నించి ఫోనుకి తీగ గుచ్చింది. ఏమైందంటే, తీగ గుచ్చే కన్నం ఉప్పుగాలికి తుప్పట్టి వొదులైపోయింది. ఇలా ఒదిలితే అలా జారిపోతాంది. "దీన్ని ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. వెంట్రుకవాసి కదిలినా కష్టమే" అందంట. తాతారావు సేతులు సూత్తే అప్పటికే ఒణుకుతన్నాయి. కాసులమ్మ ముందుకొచ్చి కింద బాసింపట్టేసుకుని కూకుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, రెండు వేళ్ళతో తీగ మొదలు పట్టుకుంది. పెళ్ళి కాకముందు వాళ్ళ నాన్నతో ఏటిమొగలో గేలం ఏసిన సెయ్యి అది. సేప ముట్టుకుందో లేదో తెలిసే సెయ్యి. ఆ అమ్మాయి నొక్కింది. లాప్‌టాపు తెర మీద నీలంగీత కదిలింది. పది, పదిహేను, ఇరవై... తాతారావు పైకే సదువుతన్నాడంట, ఏలంపాటలోలాగా.

నలభై అనేటప్పటికి ఫంకా ఆగిపోయింది. కరెంటు పోయింది! మెట్లకింద కొట్టు కదా, పట్టపగలే మసక. ఆ అమ్మాయి "యా అల్లా" అంది. లాప్‌టాపు బ్యాటరీ ముసలిది, ఆరు నిమిషాలుంటే గొప్ప అంది. తెర ఎలుగు తగ్గించింది, పాటలూ గీటలూ అన్నీ మూసేసింది. యాభై. కాసులమ్మ నుదుటిమీద నించి సెమట కంట్లోకి దిగతాంది, తుడుసుకోడానికి లేదు. తాతారావు తువ్వాలు తీసి తుడవబోతే "నన్ను ముట్టుకోకు మావా, ముట్టుకున్నావంటే సంపేత్తాను" అంది పళ్ళ బిగువున. డెబ్భై. ఎవరో ఇయర్‌ఫోన్లకని వొచ్చి "ఏమ్మా మెహరూ" అన్నాడంట, ముగ్గురూ ఒక్కసారే "ష్!" అన్నారు. ఆయన గుమ్మంలోనే బిగుసుకుపోయి, సంగతి తెలీకపోయినా, ఆయన కూడా గీతే సూత్తా నిలబడ్డాడు. ఎనభై ఐదు. బ్యాటరీ బొమ్మ ఎర్రబడింది. తొంభై. కాసులమ్మ వేళ్ళు తిమ్మిరెక్కి ఎవరివో అన్నట్టున్నాయంట. తొంభై ఆరు, తొంభై ఏడు. కదలదే! తొంభై ఏడు కాడే ఆగిపోయింది. ఊపిరి ఎవరికీ లేదు. తొంభై ఏడు... తొంభై ఏడు... ఒక్కసారి పచ్చగా ఎలిగిందనుకో! ఆ పచ్చ ఎలగడం, లాప్‌టాపు ఆరిపోవడం, రెండూ ఒకేసారి. "వదిలెయ్యక్కా!" అని అరిసింది ఆ అమ్మాయి. కాసులమ్మకి వేళ్ళు ఇడిపోవడం లేదు. ఆ అమ్మాయే ఒక్కో వేలూ తీసింది.

ఫోన్లో కంపెనీ పేరు వొచ్చింది. పోలేదు. అలాగే ఉంది. ఎంతసేపటికో గీత అడిగింది. తాతారావు గీసేడు, తప్పు. మళ్ళీ గీసేడు, తప్పు. సెయ్యి ఒణుకు కదా. కాసులమ్మ ఆయన మణికట్టు పట్టుకుని "నీ సెయ్యి నాకొదిలెయ్, వేలు మటుకు నువ్వు తిప్పు" అంది. ఇద్దరూ కలిసి గీసేరు. తెరుసుకుంది! లోపల నలభై మూడు సుక్కలు, నీలం మీద ఎర్రగా, ఒక్కటి తగ్గకుండా. గుమ్మంలో ఇయర్‌ఫోన్లాయన సప్పట్లు కొట్టేడంట. కరెంటొచ్చింది. ఆ అమ్మాయి మటుకు "సంబరం తర్వాత, ముందు ఇవి రెండో చోట దాచండి" అని గట్టిగా పట్టుబట్టింది. తాతారావే కాసులమ్మ ఫోను అడిగి ఆ అమ్మాయి ముందు పెట్టేడు. తీగ పట్టుకున్న సెయ్యి ఎదురుగా కనబడతాంటే ఇంక దాపరికమేంటి? ఆ నలభై మూడూ ఆ అమ్మాయి అందులోకి ఎక్కించింది, దానికి కూడా గట్టి గీత పెట్టించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కాసులమ్మ కిటికీ కాడ కూకుని మొదటిసారి ఆ సముద్రం సూసిందంట. ఇరవయ్యేళ్ళ నించి మొగుడు ఎల్తన్నాడు, వొత్తన్నాడు, ఎక్కడికెల్తన్నాడో ఆవిడకేం తెలుసు? సుక్క మీద నొక్కితే పేరొత్తాది. "అయ్య రాయి." "జారుడు బండ." "నూకాలమ్మ గుండం." సదూతా సదూతా ఓ కాడ ఆగిపోయింది. "కాసులు కోపం" అనుంది. ఇంకోటి నొక్కింది, "కాసులు కోపం రెండు." ఇంకోటి, "మూడు." అలా పదకొండు! "ఇదేంటి మావా?" అంది. తాతారావు కిటికీలోంచి బయటికి సూత్తా, "అదే... నువ్వు తగువాడిన రోజుల్లో ఇంటికి రాబుద్దేసేది కాదు. అయ్య సోట్లకి కూడా ఎల్లబుద్దేసేది కాదు. ఊరికే ముందుకి, ముందుకి పోయేవోణ్ణి. అలా దొరికినవి" అన్నాడంట మెల్లిగా. "బాగా పడతాయా అక్కడ?" "అసలు సేపంతా అక్కడేనే" అన్నాడు. కాసులమ్మ నవ్వాపుకోలేక బస్సంతా తిరిగి సూసేలా నవ్విందంట, నవ్వుతానే కళ్ళు తుడుసుకుందంట.

మర్నాడు ఎల్లాజీ ఏం ఎరగనట్టు వొచ్చి "ఫోను బాగైందంటగా" అన్నాడంట. కాసులమ్మ "ఇదిగో బాబాయ్, సూసుకో" అని గీత ఏసి మూసున్న ఫోను ఆయన సేతిలో పెట్టేసి, లోపలికెల్లి ఆయనకి టీ కూడా పెట్టిందంట. ఆయన టీ తాగి, ఫోను తిప్పి తిప్పి సూసి, ఇచ్చేసి ఎల్లేడు. బందు తీసేక తాతారావు పడవ మొదటిరోజే మునిగేంత సేపతో వొచ్చిందా లేదా, మీరందరూ సూసేరు, నేను సెప్పేదేంటి. ఇప్పుడు మటుకు ఓ ఇబ్బందొచ్చింది. వల కాళీగా వొచ్చిన రోజున పడవలో పనిసేసే కుర్రోళ్ళు తిన్నగా ఆళ్ళింటికెల్లి, "ఒదినా, అన్నతో ఓపాలి గట్టిగా తగువాడవా, పన్నెండోది కావాలి" అని గుమ్మంలో కూకుంటన్నారంట. ఆవిడేమో ఈమధ్య బొత్తిగా తగువాడడం మానేసింది. అదిగో, అందుకే సేప రేటు దిగట్లేదర్రా.