నూట డెబ్బై అడుగులు

నా పేరు లియోనా జరెంబా. వయసు యాభై ఎనిమిది. మా నాన్న పేరు స్టానిస్లాస్, ఇప్పుడు లేరు. ఇరవై ఎనిమిదేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాను. మిల్ రోడ్డులో చర్చి వెనక ఇంట్లో ఉంటాను. ఒంటరిగానే ఉంటాను.

ఈ వాంగ్మూలం ఎవరి ఒత్తిడీ లేకుండా ఇస్తున్నాను. మా అన్నయ్య క్లెమెన్స్ జరెంబా నన్ను కొట్టలేదు. ఇది ముందే చెబుతున్నాను. మిగతాది వరసగా చెబుతాను.

ఈ రోజు జూన్ తొమ్మిది, ఆదివారం. ఉదయం ఎనిమిది నలభైకి కౌంటీ సంత మైదానానికి వెళ్లాను. నెలకోసారి పాత కార్ల క్లబ్బు వాళ్లు అక్కడ కలుస్తారు. మైదానం కమిటీ వాళ్లే తాళం చెవి ఇస్తారు. నేను క్లబ్బులో సభ్యురాలిని కాను. అన్నయ్య ఉదయం ఏమీ తినడు కాబట్టి డోనట్లు పట్టుకుని వెళ్తాను. ఇరవై రెండు కార్లు వచ్చాయి. అన్నయ్య తన అరవై తొమ్మిది నాటి రెడ్‌టెయిల్ కారు తెచ్చాడు. మందుల షాపు ఓటిస్ ట్రెంబ్లే కొత్త రెడ్‌టెయిల్ తెచ్చాడు. కంపెనీ వాళ్లు దాని రూపం మొత్తం మార్చి ఈ ఏడాదే వదిలారు. దాన్ని దగ్గరగా చూడటం అందరికీ అదే మొదలు.

చుట్టూ మూగి తలో మాటా అన్నారు. అన్నయ్యే ఎక్కువ అన్నాడు.

"ఇదేం మొహంరా ఓటిస్! పళ్ల డాక్టరు దగ్గర్నుంచి మధ్యలో లేచొచ్చిన వాడి మొహంలా ఉంది."

"మొహం నేనెందుకు చూస్తాను పెద్దాయనా? నేను లోపల కూర్చునేవాణ్ని. చూసే ఖర్మ మీది" అన్నాడు ఓటిస్.

సీట్ల బట్టలు కుట్టే బెర్నీస్ లోపల కూర్చుని చూసింది. "వెనక భాగం బావుంది, అబద్ధం ఆడను. కానీ ఈ అద్దాలేంటి ఇంత సన్నగా? ఉత్తరాల డబ్బా సందులోంచి లోకాన్ని చూస్తున్నట్టుంది" అంది.

"పాతదాని నడుం దగ్గర వంపు చూడండి. చేత్తో నిమరబుద్ధేస్తుంది. దీన్ని నిమిరితే చెయ్యి తెగుతుంది" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు ఓటిస్ అన్నాడు: "అందం సంగతి వదిలేయండి. ఆగడం చూడండి. మీ వంపుల రాణి ఆగాలంటే ముందు రోజే ఉత్తరం రాయాలి."

అన్నయ్యకి కోపం వచ్చింది. "నా బండి ఎలా ఆగాలో అలా ఆగుతుంది. కాలు సరిగ్గా పెట్టాలంతే. బ్రేకుది కాదు, కాలుది తప్పు" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటం నాకు తెలిసింది.

తొమ్మిదిన్నరకి పరీక్ష మొదలుపెట్టారు. మైదానం తూర్పు వైపు తారు నేల మీద ఒక నారింజ రంగు దిమ్మ పెట్టారు. దిమ్మ దగ్గరకి రాగానే బ్రేకు తొక్కాలి. ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలవాలి. ఓటిస్ అరవై మైళ్ల వేగం అన్నాడు. అన్నయ్య "యాభై అయిదు" అన్నాడు. "అందరూ అరవైకే కొలుస్తారు కదా?" అని ఓటిస్ అడిగాడు. "యాభై అయిదు" అని అన్నయ్య మళ్లీ అన్నాడు. యాభై అయిదు ఎందుకో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

ఓటిస్ కారు తొంభై రెండు అడుగుల్లో ఆగింది. ఎవరో ఈల వేశారు.

అన్నయ్య కారు నూట ఎనభై మూడు అడుగులకి ఆగింది. కాలు జారిందన్నాడు. రెండోసారి నూట తొంభై ఆరు. మూడోసారి రెండు వందల పదకొండు. చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. "బ్రేకు డ్రమ్ములు వేడెక్కే కొద్దీ పట్టు పోతుంది పెద్దాయనా, మీ తప్పేం లేదు" అన్నాడు ఓటిస్. ఈసారి వెక్కిరింపుగా అనలేదు. అన్నయ్య దిగకుండా స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను డోనట్ ఇస్తే తీసుకున్నాడు కానీ తినలేదు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. పందొమ్మిది వందల తొంభై ఒకటి, అక్టోబరు పందొమ్మిది, శనివారం. అదే కారు. నేను నడుపుతున్నాను. పక్కన అన్నయ్య భార్య, మా జెనీ వదిన. ఆమెకి ముప్పై ఒకటి, నాకు పాతిక. వాన పడుతోంది. యాభై అయిదులో వెళ్తున్నాను. మొక్కజొన్న చేను మూల మీంచి బీట్ దుంపల ట్రక్కు రోడ్డు మీదికి వచ్చింది. నేను బ్రేకు తొక్కాను. ఆగలేదు. వదిన అక్కడే పోయింది. నాకు మణికట్టు విరిగింది, అంతే. ట్రక్కు కనబడే మూల నుంచి గుద్దిన చోటికి నూట డెబ్బై అడుగులని షెరీఫ్ ఆఫీసు వాళ్లు పటం గీశారు. వాన వల్ల టైర్ల గీతలేమీ మిగల్లేదు. ఆసుపత్రిలో అన్నయ్య నన్ను ఒకటే అడిగాడు. "కాలు ఎప్పుడు పెట్టావు?" కనబడగానే పెట్టానన్నాను. తన బండి నూటయాభై అడుగుల్లో ఆగుతుందని అతనికి గట్టి నమ్మకం. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఏడేళ్లు కూర్చుని ఆ కారుని బాగు చేశాడు. మార్చకుండా అవే రకం బ్రేకులు వేశాడు. నాతో ఎప్పుడూ గట్టిగా ఒక్క మాట అనలేదు. పండక్కి పిలుస్తాడు. మంచు పడితే నా వాకిలి శుభ్రం చేస్తాడు. ఆ సంగతి మాత్రం ఎత్తడు.

పది గంటల ఇరవైకి అన్నయ్య మైదానంలోనే సంతకి తెచ్చే కుందేళ్ల పాక నుంచి ఎండుగడ్డి మోపులు ఆరు తెచ్చాడు. టేపు తీసుకుని దిమ్మ నుంచి నూట డెబ్బై అడుగులు తనే కొలిచి అక్కడ పేర్చాడు. నలభై నిమిషాలు డ్రమ్ములు చల్లారనిచ్చాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"లియోనా, నువ్వు నడపవే."

"వద్దన్నయ్యా."

"నేను పక్కన కూర్చుంటాను. నీ కాలు చూస్తాను."

"ఇప్పుడు చూసి ఏం చేస్తావు?"

"నాకు తెలీదే. ఎక్కు."

ఓటిస్ వద్దని అడ్డం వచ్చాడు. అన్నయ్య అతన్ని తొయ్యలేదు, పక్కకి జరగమన్నాడంతే. నేను నా ఇష్టంతోనే ఎక్కాను. బెల్టులు పెట్టుకున్నాం. అన్నయ్య వదిన సీట్లో కూర్చుని ముందుకు వంగి నా కుడికాలు వైపు చూస్తున్నాడు. రోడ్డు చూడలేదు. నా చెప్పు మీద డోనట్ల పిండి చక్కెర పడి ఉంది. నాకు అదే కనబడుతోంది.

పదకొండు గంటల అయిదు నిమిషాలకి బయల్దేరాను. వేగం ముల్లు యాభై అయిదు దగ్గర నిలిచాక అన్నయ్య "సరే" అన్నాడు. దిమ్మ రాకముందే తొక్కాను. గట్టిగా తొక్కాను. రెండు కాళ్లతో తొక్కాను. కారు అరిచింది. ఆగలేదు. మోపుల్ని గుద్దింది. గడ్డి అద్దం మీంచి పైకి లేచింది. ఎడమ దీపం పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అన్నయ్య దిగి కారు చుట్టూ పరుగెత్తుకొచ్చి నా తలుపు లాగాడు. నన్ను బయటికి లాగి భుజాలు పట్టుకున్నాడు. ఊపేశాడు. "పెట్టావే! ముందే పెట్టావే! నేను చూశాను, ముందే పెట్టావు!" అని అరిచాడు. ఎన్నిసార్లు అరిచాడో లెక్క తెలియదు. ఏడుస్తున్నాడు. నా జుట్టులో గడ్డి ఏరుతూ కూడా అరుస్తూనే ఉన్నాడు. రోడ్డవతల కుక్కతో నడుస్తున్నావిడ చూసింది ఇదే. ఆవిడ పోలీసులకి ఫోను చేయడంలో తప్పు లేదు. దూరం నుంచి చూస్తే నేనూ అలాగే అనుకునేదాన్ని.

తర్వాత ఇద్దరం గడ్డి మీద కూర్చున్నాం. "పొడి నేల మీదే ఆగలేదు. ఆ రోజు వాన కూడా" అన్నాడు. "అవునన్నయ్యా" అన్నాను. "నా బండిదే తప్పని ఇన్నేళ్లు నన్నెందుకు తిట్టలేదే?" అని అడిగాడు. "నువ్వు నన్ను తిట్టావా, నేను తిట్టడానికి?" అన్నాను. అప్పుడు మీ పోలీసు బండి వచ్చింది.

ఇది రాసుకుంటున్న షెరీఫ్ ఆఫీసు డెప్యూటీ గారు నన్ను అడిగారు, చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా అని. ఒకటుంది. ఆ వాన రోజు కాలు ఎప్పుడు పెట్టానో అన్నయ్యకే కాదు, నాకూ తెలియదు. ఆసుపత్రిలో కనబడగానే తొక్కానని చెప్పాను. మొదటి ఏడాది అది నాకు గుర్తున్న సంగతి. తర్వాత అది నేను చెప్పిన సంగతిగా మిగిలింది. వదినతో మాట్లాడుతూ ఆలస్యం చేశానేమోనని నాకే అనిపించేది. బస్సు తియ్యబోయే ముందు ప్రతి ఉదయం బ్రేకులు మూడుసార్లు చూసుకుంటాను. నిబంధన ఒకసారే. ఈ రోజు పదకొండు తర్వాత కొంచెం ఆకలి వేసింది. రెండు డోనట్లు తిన్నాను.

అన్నయ్య మీద నాకు ఫిర్యాదు లేదు. అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు, పంపించేయండి. పగిలిన దీపం మా ఇంటి సంగతి.

ఇదంతా నేను చెప్పింది, జరిగింది. రాసింది నాకు చదివి వినిపించారు. ఒక్క చోట దిద్దమన్నాను. పదకొండు గంటల అయిదు నిమిషాల తర్వాత "నెట్టాడు" అని రాశారు. కొట్టేయించి "పట్టుకున్నాడు" అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కనా, కిందా సంతకం చేస్తున్నాను.

లియోనా జరెంబా
జూన్ 9, 2024, మధ్యాహ్నం 1.15